నిద్రయు విద్యయు

తెల్లవారుజామున చదివిన చదువు మరపునకు రాదని మా తండ్రిగారు చెప్పెడివారు. ఉపాధ్యాయుడనై నేనును ముప్పది యేండ్లకు పైగా పిల్లల కట్లే చెప్పితిని. ఆ మాటలో సగము మాత్రమే నేను నేర్చుకొంటినని తెలియుటకు నా తల నెరయవలసి వచ్చెను. రెండవ సగము రాత్రి పెందలకడ పరుండుట. మా తండ్రిగారి కాలమున దీపములో చమురు మిగుల్చుటకై ఎనిమిది గంటలకే ఊరంతయు నిద్రించెడిది గనుక, దానిని వేరుగా చెప్పవలసిన పని వారికి లేకపోయెను. ఇప్పుడు విద్యుద్దీపమునకు తోడు సెల్ ఫోను కూడ తలాపున వెలుగుచున్నది.

నేను పనిచేసిన పాఠశాల షాబాదు ప్రాంతములోని యొక పల్లెలో కలదు. ఈ ప్రాంతమునను, చేవెళ్ల, మొయినాబాదు వైపునను కూరగాయలను, పూలను విరివిగా పండించెదరు. హైదరాబాదు నగరము దగ్గరగా నుండుటయే అందులకు కారణము. బంతియు చామంతియు కోసి, మూటలు గట్టి, గుడిమల్కాపూరు పూలమార్కెట్టునకు పెందలకడనే చేర్చవలెను. ఆలస్యమైనచో కొనువారు వెడలిపోవుదురు. వాడిన పూవునకు ధర యుండదు. కావున పెద్దలతోబాటు పిల్లలును నడిరేయి లేచి తోటలోనికి పోవుట కలదు.

ప్రధానోపాధ్యాయుడనైన తరువాత, పదవ తరగతి ఫలితములను బాగుచేయవలెనను పట్టుదలతో, ప్రాతఃకాలమున 5 గంటల నుండి 7 గంటల వరకు చదువుటకు ప్రత్యేకముగా ఒక తరగతిని పెట్టితిని. ఆలస్యముగా వచ్చినవారిని నిలువబెట్టెడివాడను. ఒకనాడు అట్లు నిలిచిన బాలుడొకడు నిలుచుండియే నిద్రించి, గోడకు తల తగిలి క్రింద పడెను. సాయంకాలము వాని తండ్రి వచ్చెను. కోపగించుకొనలేదు. ఆయన మాట ఇంకను నా చెవిలో నున్నది గనుక దాని నట్లే వ్రాయుచున్నాను: “సారూ, పిల్లగాడు రెండు గంటలకే లేచి పూలు తెంపిండు. జర నిద్ర పోనియ్యుండ్రి.” నాకు బదులు తోచలేదు. సోమరితనమని నేను దండించినది అలసటను. తప్పు చేసినవాడను నేను. ఆ బాలుడు కాడు.

నేను తెలుగు పండితుడనే గాని శాస్త్రవేత్తను గాను. అయినను ఆనాటి నుండి నిద్రను గూర్చి, విశ్రాంతిని గూర్చి దొరికినదెల్ల చదివితిని. అర్థము కానిచోట మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని అడిగి తెలిసికొంటిని.

మన దేహమున నాళములు లేని గ్రంథులు కొన్ని కలవు. వీనికి వినాళ గ్రంథులని పేరు. ఇవి పుట్టించు ద్రవ్యములు నేరుగా రక్తములో కలిసి, దూరముననున్న అవయవములకు ఆజ్ఞలను కొనిపోవును. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడగు స్టార్లింగు 1905లో వీనికి ‘హార్మోను’ అను పేరు పెట్టెను. ఈ ఆజ్ఞలలో పెక్కింటికి వేళలు కలవు. చీకటి పడగా మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును విడిచి, రాత్రి వచ్చినదని దేహమునకు తెలుపును. కంటిమీద వెలుగు పడినచో ఆ స్రావము తగ్గిపోవును. నిద్రపట్టిన కొంతసేపటికి, గాఢనిద్రలో, పీయూష గ్రంథి పెరుగుదల హార్మోనును మిక్కుటముగా విడుచును. మీ వయస్సువారి ఎముకలకును కండరములకును ఇది మిగుల ముఖ్యము. మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్క గ్రంథుల నుండి వచ్చు కార్టిజోలు నడిరేయి మిక్కిలి తక్కువగా నుండి, తెల్లవారువేళకు క్రమముగా పెరిగి, మనలను మేల్కొలుపుటకు తోడ్పడును. రాత్రిని తెగగోసి ఈ వేళలను తారుమారు చేసినచో దేహము లెక్క తప్పును.

ఎట్లు తప్పునో చూడుడు. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులగు యువకులను వరుసగా 6 రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకొననిచ్చి, వారి రక్తమును పరీక్షించిరి. ఆ ఫలితములు 1999లో ప్రకటింపబడినవి. వారి దేహమునకు రక్తములోని చక్కెరను సర్దుకొను శక్తి తగ్గెను. సాయంకాలమునకు తగ్గవలసిన కార్టిజోలు హెచ్చుగా నుండెను. వారు వృద్ధులు కారు, రోగులు కారు. వారికి లోపించినది నిద్ర యొక్కటే. మా చదువు తరగతి వారములో ఎన్ని దినములు నడచెడిదో తెలియునా? సరిగా ఆరు దినములే! ఆ లెక్క చదివిన రాత్రి నాకే నిద్ర రాలేదు.

భయము సంగతి వేరుగా చెప్పవలెను. భయము లేక ఆందోళన కలిగినప్పుడు అధివృక్క గ్రంథులు మేల్కొనును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములకు నెత్తురు పరుగెత్తును. కబడ్డీలో కూత పెట్టువానికి ఇది మేలే. ఆట ముగియగానే అది చల్లారును. కాని చల్లారని భయము వేరు. కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యె అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను చలిలో నుంచియు, అధికముగా శ్రమపెట్టియు, ఇతర విధముల బాధించియు చూచెను. బాధ ఏదైనను ఫలితమొక్కటే: అధివృక్క గ్రంథులు ఉబ్బెను, రోగమును ఎదిరించుటకు తోడ్పడు థైమస్ గ్రంథి కృశించెను, జీర్ణకోశమున పుండ్లు పడెను. 1936లో ఆయన ఈ సంగతిని ప్రకటించెను. ఎలుకకు కలిగినదెల్ల మనుష్యునకు కలుగునని నేననను. కాని నెలల తరబడి “పరీక్ష, పరీక్ష” అని పిల్లలను బెదరించు మా బోటివారు దీనిని చదువదగును.

విశ్రాంతి పని లేని కాలమని తలచుట పొరపాటు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, కండరములోని ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును 1927లో లోకమునకు తెలియజేసిరి. కండరము పనిచేయునప్పుడు ఈ పదార్థము విడిపోవును. విశ్రాంతి నొందునప్పుడు తిరిగి కూడును. అనగా ఊరక యున్నట్లు కనబడు కండరము రాబోవు పనికి సరకు కూర్చుకొనుచున్నదన్నమాట. బీజాపూరు బాటమీద చేవెళ్ల చుట్టుపట్ల మర్రిచెట్ల నీడలో పూర్వము బండ్లవారు ఎద్దులను విప్పుటయు ఇందులకే. కాడి దింపని ఎద్దు ఊరు చేరదని వారికి ఏ గ్రంథమును చెప్పలేదు.

“పట్టణపు పిల్లలకు ట్యూషనులు కలవు. మా పిల్లలు నిద్ర మానకున్న వారితో ఎట్లు పోటీపడుదురు?” అని కొందరు తల్లిదండ్రులు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కాని పగలు నేర్చినది మనసున నాటుకొనుటకు నిద్ర కావలెను. 13 మొదలు 18 యేండ్ల వయస్సువారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. పదకొండింటికి పరుండి నాలుగింటికి లేచువాడు దినమునకు కనీసము మూడు గంటలు, ఆరు దినములకు పదునెనిమిది గంటలు అప్పుపడుచున్నాడు. ఆ అప్పును తరగతిలో కునికిపాట్లుగా తీర్చుచున్నాడు. ఇందు చదువునకు లాభమెక్కడ?

ఒక మాట. నిద్రయే సర్వరోగ నివారిణి యని నేను చెప్పుట లేదు. అవటు గ్రంథి వ్యాధికిగాని మధుమేహమునకుగాని వైద్యుడిచ్చిన మందు మానరాదు.

ఉద్యోగ విరమణకు రెండేండ్లు ముందు నేను ప్రాతఃకాలపు తరగతిని ఎత్తివేసి, దానిని సాయంకాలము ఆరు గంటలకు ముగియునట్లు మార్చితిని. పూలు కోసి వచ్చిన పిల్లలకు మధ్యాహ్న భోజనానంతరము అరగంట సేపు వసారాలో చాపలు పరపించితిని. కొందరు నన్ను చూచి నవ్విరి. ఫలితములు నేను భయపడినట్లు చెడిపోలేదు.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. పూలమార్కెట్టు మన పిల్లలకొరకు ఆలస్యముగా తెరువరు. రెండింటికి లేవవలసిన బాలుడు ఏడెనిమిది గంటలకే పరుండవలెను. వానిని పరుండనీయక పది గంటల వరకు దీపము ముందు కూర్చుండబెట్టునది ఇంటికి వ్రాసికొని రమ్మని చెప్పిన పని. ఆ పని నిచ్చువారము మేమే గదా!