ఆవకాయ రోజుల్లో అమ్మాయి ప్రయాణం

వేసవి వచ్చిందంటే మన ఇళ్లల్లో ఎంత పనో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆవకాయలు, వడియాలు, వచ్చేపోయే చుట్టాలు. ఇంట్లో డిగ్రీ చదివే ఆడపిల్ల ఉంటే పెళ్లిచూపులు కూడాను. పోయిన ఏడాది సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి, "అమ్మా, బెంగుళూరులో రెండు నెలల ట్రైనింగుకి ఎంపికయ్యాను. మెదడు మీద పరిశోధన" అంది.

మా ద్రాక్షారామంలో ఎవరికి చెప్పినా ఒకటే మాట, "ఒక్కదాన్నే పంపుతారా?" అని. మావారు మూడు రోజులు ముభావంగా ఉన్నారు. నాకూ భయమే. ఇంటర్ బైపీసీతో చదువు ఆపేసినదాన్ని, ఏం తెలుసని ధైర్యం చెప్పను?

మా అత్తయ్యగారికి మతిమరుపు జబ్బు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. అర్ధరాత్రి లేచి భీమేశ్వరస్వామి గుడికి వేళయిందంటారు. ఆవిడ పక్కన పడుకునేది అమ్మాయే. "నానమ్మకి రాత్రీ పగలూ ఎందుకు తారుమారయ్యాయో తెలుసుకోవాలమ్మా" అంది. ఇంకేం కాదంటాను! కాకినాడలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాం. ఆ వేసవిలో వచ్చిన ఒక మంచి సంబంధం వాళ్లు మాత్రం ఆగలేమన్నారు. కొన్నాళ్లు బాధపడ్డాను.

అక్కడ దాని పని దేంతో అనుకున్నారు? మగ్గిన అరటిపండు మీద మూగే చిన్న ఈగలతో! మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, అగర్ కలిపి ఉడికించి వాటికి మేత చెయ్యాలట. ఒక్కో ఈగను సన్నటి గాజు గొట్టంలో పెడితే, అది అటూ ఇటూ తిరిగినప్పుడల్లా యంత్రం లెక్కేస్తుంది. అయిదు నిమిషాలు కదలకపోతే నిద్రపోయినట్టు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే ఈ ఈగకు దాదాపు 1,40,000 మాత్రమే. అందుకే చిన్నదానితో మొదలుపెడతారు. రాత్రింబవళ్ల లెక్క నడిపే జన్యువు జాడ 1971లో ఈ ఈగల్లోనే తెలిసింది. ఆ లెక్క ఎలా నడుస్తుందో తేల్చిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. అలాంటి జన్యువులు మనలోనూ ఉన్నాయి.

తిరిగొచ్చాక, "నానమ్మకి మందు దొరికిందా?" అని ఆశగా అడిగాను. "రెండు నెలల్లో దొరకదమ్మా" అంది. డాక్టరుగారి సలహాతో ఇప్పుడు అత్తయ్యగారిని పగటిపూట అరుగు మీద వెలుతురులో కూర్చోబెడుతున్నాం. కొంత నయం. కొన్ని రాత్రులు మాత్రం మామూలే.

మీ పిల్లలకూ ఆసక్తి ఉంటే ఈ సంగతులు చెప్పండి. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని నేర్పి, భృతి కూడా ఇస్తారు. దరఖాస్తు ఎండలొచ్చాక కాదు, సాధారణంగా ముందు ఏడాది చివర్లోనే పెట్టాలి. హర్యానాలోని మానేసర్‌లో మెదడు పరిశోధనకే ఒక జాతీయ కేంద్రముంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఇందుకో విభాగముంది. పంపేముందు హాస్టల్ ఆవరణలోనే ఉందా, ఎవరి దగ్గర పని చేస్తారు అన్నవి కనుక్కోండి. ముందే డబ్బు కట్టమనే ప్రకటనలతో జాగ్రత్త.

ఈ ఏడు కూడా దరఖాస్తు పెట్టింది. మావారే దగ్గరుండి ఫోటోలు తీయించారు. ఆవకాయకి కాయలు తరగడానికి మాత్రం నేను ఇంకెవరినో చూసుకోవాలి!