నోట్‌బుక్‌లో కార్న్‌ఫ్లేక్స్, ఇంట్లో ఉగ్గాని

నాలుగో తరగతి పిల్లలను 'మై మార్నింగ్' మీద ఐదు వాక్యాలు రాయమంటే సగానికి పైగా నోట్‌బుక్కుల్లో బ్రెడ్, జామ్, కార్న్‌ఫ్లేక్స్ కనిపిస్తాయి. దగ్గరకు పిలిచి "నిజంగా పొద్దున ఏం తిన్నావురా?" అని అడిగితే "ఉగ్గాని మేడమ్" అంటారు, మెల్లగా. "రాత్రి అన్నం" అనేవాళ్లు ఇంకా మెల్లగా చెబుతారు. "ఏమీ తినలేదు, బస్సు వచ్చేసింది" అనేవాళ్లూ ప్రతి సెక్షన్‌లో ఉంటారు.

ఏడింటికి బస్సెక్కిన పిల్లకు పదిన్నర బ్రేక్ చాలా దూరం. రెండో పీరియడ్ సగానికే బెంచీ మీద తల వాల్చేస్తారు. నిన్న తప్పు లేకుండా రాసిన స్పెల్లింగే ఈరోజు డిక్టేషన్‌లో తడబడుతుంది.

ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం కట్టాక ఇంటి ఖర్చు లెక్క చూసుకోని తల్లిదండ్రులు ఉండరు. అయినా పొద్దుటి తిండి దగ్గర డబ్బు ప్యాకెట్లకే పోతోంది. పాలలో కలిపే చాక్లెట్ పొడి, క్రీమ్ బిస్కెట్లు, కార్న్‌ఫ్లేక్స్... వీటికి ధర ఎక్కువ, ఆకలి ఆగేది కాసేపే.

రాగుల సంగతి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అన్నే పాలలో ఉండేది అందులో మూడో వంతు. గ్లాసు జావకు రెండు మూడు చెంచాల పిండే పడుతుంది కాబట్టి పాలు మానేయమని నేను చెప్పను. జావలో మజ్జిగ కలిపితే సరిపోతుంది. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఫీజు కట్టి చదివే మన పిల్లలకు మాత్రం ఆ పేరు చెప్పడానికే నామోషీ!

టైం లేదనే అమ్మలకు పెసరట్టు మంచిది. ఇడ్లీ పిండిలా పులియక్కర్లేదు. రాత్రి నానబెట్టి పొద్దున అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి వెంటనే పోసుకోవచ్చు. పావుకిలో పెసలకు ఎనిమిది, తొమ్మిది అట్లు వస్తాయి. చిన్న పిల్లలకు రెండు చాలు, మధ్యాహ్నం దాకా నిలబడతారు.

ఉగ్గాని పది నిమిషాల పని. కానీ ఉత్త బొరుగులు తొందరగా అరిగిపోతాయి. పప్పుల పొడి ధారాళంగా వేసి, గుప్పెడు పల్లీలు వేయించి కలిపితేనే కడుపు నిండుతుంది. బజ్జీ లేని ఉగ్గాని ఉగ్గానేనా అంటారు మా కర్నూలు వాళ్లు. బజ్జీని ఆదివారానికి ఉంచండి.

ఇక చద్దన్నం. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి కూర్చుని తిన్నది చల్దులే. అలాంటిది మన పిల్లలు నోట్‌బుక్‌లో రాయడానికి సిగ్గుపడుతున్నారు. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచా పెరుగు తోడు వేస్తే పొద్దునకు కమ్మగా ఉంటుంది. నంజుకోవడానికి ఉల్లిపాయో, నిమ్మకాయ ఊరగాయో చాలు. పొయ్యి వెలిగించే పని లేదు. ఎండాకాలంలో మాత్రం తోడు వేయని అన్నాన్ని రాత్రంతా బయట వదిలేసి పొద్దున పెట్టకండి.

మేనేజ్‌మెంట్‌కు కూడా ఒక మాట. మన స్నాక్ బాక్స్ సర్క్యులర్‌లో డ్రై ఫ్రూట్స్, కట్ ఫ్రూట్స్ అని ఉంటుంది. బాదం, జీడిపప్పు రోజూ పెట్టగలిగే ఇళ్లు ఎన్ని? అదే వరుసలో ఉడకబెట్టిన పల్లీలు, శనగ గుగ్గిళ్లు కూడా చేర్చాలి. ఇంట్లో తినకుండా బస్సెక్కిన పిల్లలు ఆ డబ్బా మొదటి పీరియడ్‌కు ముందే తెరిచి తినడానికి ఐదు నిమిషాలు ఇవ్వాలి. నా క్లాసు వరకైతే ఆ ఐదు నిమిషాలు హాజరు తీసుకునేటప్పుడే దొరుకుతాయి.