దాణా బస్తాలో ఏముందో చెప్పాల్సిందే

పట్నంలో కుక్కకు కొనే ప్యాకెట్ మీద సాధారణంగా ఎక్కువ కలిపిన సరుకు ముందు, తక్కువది తర్వాత రాసి ఉంటుంది. బూర్గంపాడు, అశ్వాపురం వైపు మనం గేదెకు కొనే బస్తా మీద మాత్రం ‘ధాన్యాలు, చెక్కలు, తవుళ్లు’ అంతే. పత్తి చెక్క ఎంత? తవుడెంత? అడవిలో మేపు తగ్గాక ఆ బస్తాయే గతి.

ఐఎస్ 2052 ప్రమాణం మొదటి రకం దాణాలో కనీసం 22 శాతం, రెండో రకంలో 20 శాతం మాంసకృత్తులు ఉండాలంటుంది. పరీక్షలో కొలిచేది నత్రజనిని. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది! అందుకే యూరియా 1 శాతం దాటకూడదని అదే ప్రమాణం చెబుతోంది. మా చేతికొచ్చే బస్తాల మీద ఆ లెక్క కనబడదు. ప్రతి సరుకూ శాతంతో, తెలుగులో అచ్చు వేయాలని అడుగుతున్నాం. అప్పటిదాకా బిల్లు తీసుకోండి, ఖాళీ సంచి పారేయకండి.