ఘాట్‌కు మందు వెడల్పేనా? భాకరాపేటను ఎవరడిగారు?

ప్రమాదం జరిగితే మన దగ్గర మొదట అంబులెన్సు వస్తుంది. తర్వాత నాయకుడు వస్తాడు. ఆ వెనకే ‘రోడ్డు వెడల్పు చేస్తాం’ అనే ప్రకటన వస్తుంది. శవాలు ఇళ్లకు చేరకముందే కొలతలు మొదలవుతాయి. ఎందుకు జరిగింది, ఎలా జరిగింది అని అడిగేవాడు మాత్రం రాడు.

2022 మార్చి 26 రాత్రి ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థం కోసం బయలుదేరిన బస్సు భాకరాపేట ఘాట్‌లో మలుపు దగ్గర అదుపు తప్పి లోయలో పడింది. ఏడుగురికి పైగా చనిపోయారు. నలభై మందికి పైగా గాయపడ్డారు. చీకట్లో, అడవిలో, తాళ్లు కట్టుకుని దిగి మనుషుల్ని పైకి మోశారు. ఆ తర్వాత జిల్లాలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఘాట్ ఇరుకు, నాలుగు వరుసలు చేయాలి. మదనపల్లె, పీలేరు, తిరుపతి మీదుగా నాయుడుపేటకు పోయే ఈ దారి ఇప్పుడు 71వ నెంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు ఇది 205. మదనపల్లె, పీలేరు మధ్య నాలుగు వరుసల పనులు చేపట్టారు కాబట్టి మిగిలిన కొండకూ అదే కొలబద్ద పెడితే సరిపోతుందని ఇంజనీర్ల లెక్క, నాయకుల లెక్క, కాంట్రాక్టర్ల లెక్క. ముగ్గురి లెక్కా ఇంత చక్కగా కుదిరిందంటేనే నాకు అనుమానం.

రోడ్డు వద్దనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చిన్నగొట్టిగల్లు, ఎర్రావారిపాళెం, రొంపిచెర్ల మండలాల్లో అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే రుయాకు చేరాలంటే ఈ ఘాటే దిక్కు. చదువుకునే పిల్లలు దిగేదీ ఈ దారినే, టమోటా లారీలు దిగేదీ ఈ దారినే. మంచి రోడ్డు ఇక్కడివాళ్ల హక్కు. మంచి రోడ్డు అంటే వెడల్పాటి రోడ్డు అని ఎవరు తేల్చారన్నదే నా ప్రశ్న.

ఎక్కడికో పోనక్కర్లేదు. అదే పాత చిత్తూరు జిల్లాలో మొగిలి ఘాట్ ఉంది. చిత్తూరు నుంచి బెంగళూరు పోయే దారిలో, పలమనేరు కొండెక్కే చోట. అక్కడ వెడల్పు చేశారు. నడుమ డివైడర్ కూడా కట్టారు. మరి చావులు ఆగాయా? 2019 నవంబరులో బంగారుపాళెం దగ్గర లారీ, వ్యాన్ ఢీకొని పన్నెండు మంది పోయారు. 2024 సెప్టెంబరు 13న ఇనుము లోడుతో దిగుతున్న లారీ అదుపు తప్పి, డివైడర్ దాటి, తిరుపతి నుంచి బెంగళూరు పోతున్న ఆర్టీసీ బస్సును కొట్టింది. ఎనిమిది మంది దాకా బలయ్యారు. ఇరుకు రోడ్డు భాకరాపేటలో చంపింది, వెడల్పు రోడ్డు మొగిలిలో చంపింది. అలాంటప్పుడు హంతకుడు ఇరుకొక్కటే ఎలా అవుతుంది?

లారీ నడిపేవాణ్ని అడగండి, చెబుతాడు. ఘాట్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు ప్రాణం పోయేది. లోడు బండి ఏ గేరులో ఎక్కిందో ఆ గేరులోనే దిగాలి. అలా దిగితే టైము పోతుంది, డీజిల్ కాలుతుంది. కాబట్టి కొందరు న్యూట్రల్‌లో వదులుతారు. బరువంతా బ్రేకు మీద పడుతుంది. బ్రేకు వేడెక్కి పట్టు వదులుతుంది. ఇక ఆ ఇనుప కొండను ఆపేవాడు లేడు. రోడ్డు వెడల్పయితే ఈ జబ్బు తగ్గదు. కళ్ల ముందు ఖాళీ కనిపించేసరికి కాలు ఇంకాస్త గట్టిగా తొక్కుతుంది. ప్రపంచంలో కొండ రోడ్లున్న చాలాచోట్ల దిగుడు దారి పక్కన ఎగువకు ఎక్కే కంకర బాట ఒకటి కడతారు. బ్రేకు పోయిన లారీ అందులోకి దూరితే కంకరలో కూరుకుని ఆగిపోతుంది. దాని ఖర్చు నాలుగు వరుసల ఖర్చు ముందు చిల్లర. చిల్లర పనికి టెండరు వేసేవాడెవడు?

ఇక తిరుమల కొండ. భాకరాపేట నుంచి దిగితే రంగంపేట, మంగాపురం, ఆ పైన శేషాచలం కనిపిస్తూనే ఉంటుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేశారు. జనం పెరిగారు, బండ్లు పెరిగాయి. అప్పుడు ఆ రోడ్డునే నాలుగు వరుసలు చేశారా? లేదు. 1974లో రెండోది వేసి ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి పెట్టారు. ఎదురు బండి అన్న బెడదే పోయింది. టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. చెప్పిన టైము కంటే ముందే చేరితే జరిమానా. అంటే అక్కడ కట్టడి చేసింది వేగాన్ని. రాత్రి కొన్ని గంటలు దారి మూసేస్తారు. రోజూ వేల బండ్లు తిరిగే కొండ మీద నడుస్తున్న పద్ధతి, అదే కొండల వరసలో ముప్పై నలభై కిలోమీటర్ల అవతల ఎందుకు నడవదు? ఇక్కడ రెండో దారికి అడవి అడ్డమనవచ్చు, నిజమే. టైము చీటీకి ఏ అడవి అడ్డం?

అదే తిరుమల ఇంకో పాఠం కూడా చెబుతుంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 2021 డిసెంబరు 1న తెల్లారి రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు కూలి రోడ్డే విరిగిపోయింది. అంతకు రెండు వారాల ముందే కుంభవృష్టి. కోసిన కొండ తడిస్తే ఏం చేస్తుందో ఊరంతా చూసింది. ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు సరిచూసుకోండి. కొండ వాలు ఒకే తీరుగా ఉందనుకుందాం. లోపలికి ఏడు మీటర్లు తొలిస్తే కొంత మట్టి వస్తుంది. పద్నాలుగు మీటర్లు తొలిస్తే రెండింతలు కాదు, నాలుగింతలు వస్తుంది. లోపలికి పోయేకొద్దీ కోసే గోడ ఎత్తూ పెరుగుతుంది కాబట్టి. నాలుగింతల మట్టి ఎక్కడ పోస్తారు? లోయలో. లోయలో ఏముంది? ఎర్రచందనం, వాగులు. ఆ మట్టి వానకు కొట్టుకుపోయి చేరేది కింది చెరువులకు, కల్యాణి డ్యాం వైపుకు. ఇది కూడా ప్రాజెక్టు ఖర్చులో రాస్తారా?

ఇక ఊరు సంగతి. భాకరాపేట అంటే ఘాట్ నెత్తిన ఉన్న చిన్న ఊరు. తలకోన పోయేవాళ్లు ఆగేది ఇక్కడే, ఘాట్ దిగే ముందు డ్రైవరు టీ తాగేదీ ఇక్కడే. ఇలాంటి ఊళ్లలో రోడ్డే బజారు, రోడ్డే బస్టాండు, రోడ్డే రచ్చబండ. నాలుగు వరుసలంటే తారే పద్నాలుగు మీటర్లు. డివైడరు, అంచులు, కాలువలు, సర్వీసు రోడ్లు కలిపితే రెండు వైపులా అంగళ్లు ఉండవు. మిగిలిన ఊరు రెండు ముక్కలవుతుంది. బడి ఒక ముక్కలో, పిల్లలు ఇంకో ముక్కలో.

చట్టం ఏమంటుంది? 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలో 3ఏ అని ఒక ప్రకటన ఉంది. గెజిట్‌లో, రెండు పత్రికల్లో సర్వే నెంబర్ల పట్టీ వేస్తారు. ఆ రోజు నుంచి 21 రోజులు గడువు. ఆ భూమిలో హక్కున్నవాళ్లు ఆ లోపల అభ్యంతరం రాసివ్వాలి. తర్వాత 3డీ ప్రకటన వస్తుంది. అది వచ్చిందా, భూమి కేంద్రానిది. అంటే ఊరి మాట వినే తలుపు తెరిచేసరికి గీత గీయడం అయిపోయి ఉంటుంది. వెడల్పు ఎంత, ఏ వైపు, బైపాసా కాదా అన్నవి అప్పటికే కాగితం మీద ఉంటాయి. మనకు మిగిలేది ‘నా మిద్దె రెండడుగులు వదలండి సార్’ అనే బతిమాలుడు.

మిద్దె ఉన్నవాడికి పరిహారమైనా వస్తుంది. 2013 భూసేకరణ చట్టం లెక్కలు 2015 నుంచి రహదారులకూ వర్తిస్తున్నాయి. విలువకు సమానంగా సొలేషియం కూడా ఇవ్వాలి. మరి బాడుగ అంగడివాడికి? పదేళ్లుగా పంచరు వేసి బతికేవాడికి? మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ దాని మీదే బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబమేనని అదే చట్టం నిర్వచనంలో ఉంది. చిన్న వ్యాపారికి ఒకసారి ఇచ్చే సాయం కనీసం 25 వేలు ఉండాలని షెడ్యూలులో ఉంది. ఆ ముక్క చదివి వినిపించే అధికారి ఎంతమందికి దొరికాడు? అయినా 25 వేలంటే నేటి లెక్కన ఒక అంగడి అడ్వాన్సుకు కూడా చాలదు.

పర్యావరణ అనుమతి, బహిరంగ విచారణ ఉంటాయి కదా అనే అమాయకులకు ఒక మాట. 2013 ఆగస్టులో నిబంధన మార్చారు. విస్తరణ వంద కిలోమీటర్లు దాటి, పాత దారి మీద అదనంగా 40 మీటర్లకు మించి స్థలం తీసుకుంటేనే ఆ అనుమతి కావాలి. మదనపల్లె నుంచి తిరుపతి వంద దాటుతుంది. పీలేరు దగ్గర ముక్క చేస్తే ఏ ముక్కా దాటదు. ఇక్కడ కావాలనే అలా చేశారని నేను అనను, కానీ కత్తెర ఎక్కడ పెట్టాలో నిబంధనే చూపిస్తోంది. ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రోడ్డును, దాదాపు 900 కిలోమీటర్ల దాన్ని, 53 ముక్కలు చేశారు. కొండల్లో 5.5 మీటర్లు చాలని కేంద్ర రహదారుల శాఖే 2018 మార్చిలో సర్క్యులర్ ఇచ్చింది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ మాటే పాటించమంది. మూడు నెలలకే శాఖ తన సర్క్యులర్‌ను తానే మార్చుకుంది. 2021 డిసెంబరులో రక్షణ అవసరాల పేరుతో వెడల్పుకు కోర్టు ఒప్పుకుంది. 2023 జనవరిలో అదే దారిలోని జోషీమఠ్‌లో ఇళ్లు పగుళ్లిచ్చి జనం శిబిరాలకు పోయారు. ఆ పగుళ్లకు రోడ్డొక్కటే కారణమని ఎవరూ అనలేదు. బలహీనమైన కొండ మీద ఇష్టమొచ్చినట్టు తవ్వకూడదని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. వినలేదు, అంతే.

మనది హిమాలయం కాదు, మన రాయి గట్టిదని ఒక పెద్దమనిషి వాదిస్తాడు. గట్టిదే. 2021 డిసెంబరులో రోడ్డు మీద పడింది ఆ గట్టి రాయే.

అయితే బైపాస్ వేసేద్దాం, ఊరు మిగులుతుంది అంటారు కొందరు. అంత తేలిక కాదు. బైపాస్ పడితే ఊరి మిద్దెలు మిగులుతాయి, బేరం పోతుంది. పైగా బైపాస్ గీత ఎవరి కయ్యల పక్క నుంచి పోతుందో, ఆ కయ్యలు ఆర్నెల్ల ముందు ఎవరి పేరుకు మారాయో రిజిస్ట్రారు ఆఫీసులో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. భాకరాపేటకు బైపాసే మేలు కావచ్చు, కాకపోవచ్చు. ఆ మాట అనాల్సింది అక్కడ బతికేవాళ్లు, ఢిల్లీలో కూర్చున్న కన్సల్టెంట్ కాదు.

మన రాష్ట్రం మనకు కావాలని రోడ్లెక్కేవాళ్లం, ఆ రోడ్డు ఎలా ఉండాలో అడగకపోతే ఎలా? ఉద్యోగ మిత్రులారా, ఫైళ్లు మీ చేతుల మీదుగానే పోతాయి. 3ఏ ప్రకటన పత్రికలో ఏ మూలన పడిందో మొదట కనిపించేది మీకే, ఆ రోజే ఊరికి చెప్పండి. విద్యార్థులారా, సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. ఘాట్ భాగం డీపీఆర్, ప్రమాదాల జాబితా, నేల పరీక్షల నివేదిక, మూడూ అడగండి. రంగంపేట కాలేజీల్లో సివిల్ చదివేవాళ్లు ఒక ఆదివారం ఘాట్ మలుపుల దగ్గర కూర్చుని దిగే బండ్ల వేగం లెక్కరాయండి.

ఇక భాకరాపేట గ్రామసభ. సర్వే రాళ్లు పాతకముందే తీర్మానం చేయాలి. మొదట టైము చీటీలు, లారీలకు వేగం కట్టడి, మలుపుల దగ్గర బలమైన గోడలు, కంకర బాట. ఇవి పెట్టి రెండేళ్లు చూడాలి. ఆ తర్వాతా వెడల్పు కావాలంటే ఎక్కడ, ఎన్ని మీటర్లు అన్నది నేల పరీక్షల నివేదిక తెలుగులో చదివి వినిపించాకే మాట్లాడాలి. బాడుగ అంగళ్ల వాళ్ల పేర్లు ఇప్పుడే రాసి పంచాయతీ ముద్ర వేయించుకోవాలి. 3ఏ వచ్చాక ఆ 21 రోజుల్లో రుజువులు వెతుక్కుంటూ తిరగడానికి టైము ఉండదు.