కల్ల కుస్తీ – నిజపు కత్తి

మన విద్యావంతుల యిండ్లలో రెండు తీర్పులు తఱచుగా వినబడుచున్నవి. టెలివిజనులో కుస్తీ ప్రదర్శనము కనబడినంతనే, "అదంతయు నాటకము, ఎవడు గెలువవలెనో ముందే నిర్ణయించుకొందురు, ఇట్టి బూటకమును చూచువాడు మూఢుడు" అని పెద్దలు పెదవి విఱతురు. ఆ పెద్దలే సంక్రాంతి రాగానే కోడిపందెపు బరివైపు నడచుచు, "ఇది మన సంప్రదాయము, పౌరుషవంతుల వినోదము, ఇందు బూటకమునకు తావు లేదు" అందురు. మొదటిది కల్ల గావున హేయమట! రెండవది నిజము గావున గౌరవనీయమట! ఈ రెండు తీర్పులును తలక్రిందులని నా వాదము. వేఱొక సీమలోనైన ఇది అభిరుచులకు సంబంధించిన చర్చ యని ఊరకుందుము. పల్నాటిలో ఊరకుండరాదు. నిజమైన పందెము ఎంతదూరము పోగలదో ఈ నేల యెఱిగినంతగా మఱియొక నేల యెఱుగదు.

ముందుగా నా పక్షమును దాచక చెప్పుదును. నేను కుస్తీ ప్రదర్శనములను ఇష్టపడువాడను. సంస్కృతాంధ్రములు చదివి బడిలో పాఠములు చెప్పుకొనువానికి ఈ యిష్టము తగదని కొందఱందురు గాని, ఈ ప్రీతి మన తెలుగువారికి క్రొత్తది కాదు. వీరఘట్టమున 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసు డేరాలలో తమ దేహబలమును చూపి కలియుగభీముడని పేరొందిరి. గామా పహిల్వాను 1910లో లండను నగరమున జిబిస్కో అను పోలెండు మల్లునితో రెండున్నర గంటలకు పైగా పెనగెను. 1928లో పటియాలాలో వానినే నిమిషము లోపల వెల్లకిల వేసెను. అటుపిమ్మట 1950 దశకమున దారాసింగు, కింగ్‌కాంగ్ అను రెండు పేళ్లు దేశమంతట మాఱుమ్రోగినవి. 1962లో దారాసింగు నాయకుడుగా 'కింగ్‌కాంగ్' అను హిందీ చలనచిత్రమే వచ్చెను. మా తండ్రుల తరమువారు బలశాలియైన పిల్లవానిని చూచిన, "వీడు దారాసింగురా!" అనుట మేమెల్లరము విన్నదే.

మా తరమునకు ఆ వినోదము 1990 దశకమున కేబులు తీగల వెంట వచ్చెను. హల్క్ హోగన్, బ్రెట్ హార్ట్, అండర్‌టేకర్ మొదలగువారి బొమ్మలతో ట్రంపుకార్డులు బడ్డీకొట్లలో అమ్మకమునకు వచ్చినవి. వానిపై మల్లుని ఎత్తు, బరువు, ఛాతీ కొలత, గెలిచిన కుస్తీల లెక్క అచ్చువేసి యుండెడివి. భూగోళములో నదుల పొడవు గుర్తుండని బాలురకు ఆ యంకెలన్నియు కంఠస్థములు. 2007లో హిమాచల ప్రదేశమువాడైన ఖలీ అమెరికా కంపెనీవారి ప్రపంచ బిరుదమును పొందెను. 2023 సెప్టెంబరు 8న ఆ కంపెనీవారు హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రదర్శన మీయగా, కార్డులాడిన ఆనాటి బాలురు తమ పిల్లలను భుజములపై నెక్కించుకొని పోయిరి.

"అయినను అది ముందే కుదుర్చుకొన్నది కాదా?" అందురా, ముమ్మాటికిని కుదుర్చుకొన్నదే. ఈ సంగతిని కనిపెట్టుటకు మన పెద్దల సూక్ష్మబుద్ధి యక్కఱలేదు. 1989లో ఆ కంపెనీవారే న్యూజెర్సీ రాష్ట్రపు సెనేటు యెదుట, తమది పోటీ క్రీడ కాదనియు, ఫలితములు ముందుగా నిర్ణయింపబడు వినోదమనియు ఒప్పుకొనిరి. సత్యముపై ప్రేమచేత కాదు. క్రీడలపై నుండు ప్రభుత్వ పర్యవేక్షణమును, రుసుములను తప్పించుకొనుటకు! హేతువేదైనను మాట బయటపడినది. బయటపడి మూడు దశాబ్దులు దాటినను ప్రేక్షకులు తగ్గలేదు. ఏల? హరిశ్చంద్ర నాటకమున కాటిసీను చూచి కంటతడి పెట్టు మన తల్లులు, లోహితాస్యుడు నిజముగా చనిపోయెనా యని నేపథ్యములోనికి పోయి విచారింతురా? కల్ల యని తెలిసియే మనసు కరగుట రసికత; ఆ కల్లను చూపి నగుట పాండిత్యము కాదు.

ఇక ఆ కల్లలోని పనితనమును చూడుడు. భారీకాయుడొకడు తనంతవానిని తలపైకెత్తి విసరుచున్నాడు. ఎత్తబడువాడు తానై ఎగిరి సాయపడనిచో ఆ యెత్తు సాధ్యము కాదు. విసరువాడు పడువాని మెడను కాపాడనిచో వాడు మరల లేవడు. పడువాడు గడ్డమును ఱొమ్మున కదిమి, వీపంతయు ఒక్కసారి నేలకు తాకునట్లు పడును; తల మాత్రము తాకనీయడు. ఎదురెదురుగా నిలిచి కోఱలు నూఱుచున్నట్లు కనబడు ఇద్దఱు మనుష్యులు ఒకరి ప్రాణమును మఱియొకరి చేతులలో పెట్టి తిరిగి పుచ్చుకొనుచున్నారు. భరతముని నాట్యశాస్త్రమున రంగముపై పోరును చూపు విధి చెప్పుచు, ఆయుధముతో నిజముగా పొడవరాదనియు, కోయరాదనియు, నెత్తురు చిందరాదనియు, దెబ్బ అభినయమాత్రముగ నుండవలెననియు శాసించెను. ఆ శాసనమును కండలతో పాటించువారే వీరు.

అంతకన్న విశేష మింకొకటి కలదు. ఈ వృత్తిలో గెలుపు పేరునకు వచ్చువారు కొందఱే. తక్కినవారు రాత్రి రాత్రికి ఓడుటకే జీతము తీసికొందురు. వారోడు తీరును బట్టియే గెలిచినవాని ఘనత కనబడును. వారు నేలబడుదురు, లేతురు, దుమ్ము దులుపుకొని, మఱునాడు మరల వత్తురు. ఓటమిని విద్యగా అభ్యసించిన మనుష్యుడు! పల్నాటిలో ఇట్టివాడు మన కెంత కొఱతయో క్రింద చెప్పెదను.

నేను గ్రుడ్డిభక్తుడను గాను. కల్లను నిజమని చెప్పి టిక్కెట్టు సొమ్ము గుంజుట మోసమే. 1940, 50 దశకములలో పురుషులను ఓడించి పేరొందిన హమీదా బాను 1954లో బరోడాలో బాబా పహిల్వానును రెండు నిమిషములు తిరుగకముందే పడవేసెను. ఆమె కుస్తీలకు ప్రదర్శకులు ఉత్తుత్తి ప్రత్యర్థులను నిలుపుచున్నారన్న నింద ఆ కాలమున బొంబాయి ప్రభుత్వము దాక పోయెను. నింద నిజమైనచో తప్పు ఆమె బలముది కాదు. కథను సమాచారముగా అమ్మిన ప్రదర్శకులది. మఱి 1999 మే 23న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అను మల్లుడు, ప్రేక్షకుల నాశ్చర్యపఱచుటకై పైకప్పునుండి త్రాట దిగుచు, జాఱిపడి మరణించెను. నిర్వాహకు లారాత్రి ప్రదర్శన మాపలేదు. ఇంతకన్న నీచమేమి? కాని యీ నీచత్వ మెక్కడ పుట్టినదో గమనింపుడు. కల్ల తన హద్దులో నున్నంతవఱకు చావు అరుదు. ధనలోభము నిజమైన అపాయమును రంగమునకు తెచ్చిననాడే చావు వచ్చెను.

ఇప్పుడు మనవారు మెచ్చు నిజమును చూతము. కోడి కాలికి కట్టిన కత్తి అబద్ధమాడదు. కోడి తనంత తాను బరికి రాలేదు. ఓడినచో లేచి దుమ్ము దులుపుకొని పోదు. దానిపై పందెము కట్టినవాడు ఆ నిమిషములో పోగొట్టుకొనునది తన ధాన్యపు సొమ్ము, భార్య మెడలోని బంగారము. కోడిపందెములు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకును, 1974 నాటి ఆంధ్రప్రదేశ జూద నిషేధ చట్టమునకును విరుద్ధములు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు వానిని అరికట్టుమని గట్టిగా ఆదేశించెను. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరున పందెపుకోడి కాలి కత్తి తగిలి దాని యజమానియే ప్రాణము విడిచెను. అయినను ఏటేట బరులు వెలయుచున్నవి. పెద్దమనుష్యులు కుర్చీలు వేసికొని ముందు వరుసలో కూర్చుండుచున్నారు.

పల్నాటివారికి ఈ నిజము యొక్క మూల్యమును ఒకరు చెప్పవలెనా? 12వ శతాబ్ది చివరి మాటగా చెప్పబడుచు, అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిన వీరచరిత్రలో ఆ కథ యున్నది. గురజాల పక్షమునకును మాచెర్ల పక్షమునకును నడుమ కోళ్లు బరిలో దిగినవి. నాయకురాలు నాగమ్మ పక్షము గెలిచెను. బ్రహ్మనాయుని పక్షమువారు పందెము ప్రకారము ఏడేండ్లు రాజ్యమును విడిచిపోయిరి. గడువు తీఱిన పిదప రాజ్యభాగము దక్కలేదు. రాయబారియై పోయిన అలరాజు విషమున కెర యయ్యెను. కారెంపూడి రణభూమిలో బాలచంద్రుడు మొదలగు యువకులు రాలిపోయిరి. చాపకూడు పెట్టి కులభేదమును త్రోసిరాజన్న బ్రహ్మనాయుడంతటివాడును ఒక కోడిపందెమును త్రోసిరాజనలేకపోయెను! సంస్కర్తలమని చెప్పుకొను మనము ఈ వాక్యమును మఱల మఱల తలచుకొనవలెను.

ఆ వీరుల సంతతివారు చేసినదేమి? ఏటేట కార్తికమాసాంతమున కారెంపూడిలో ఐదు దినములు వీరారాధనము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేళ్లు. రాజ్యముల నార్పిన పోరును వారు వేడుకగా, పాటగా, అనుకరణముగా మార్చికొనిరి. మన పూర్వులకు కల్ల విలువ తెలియును. యుద్ధమును ఆడి చూపుట, యుద్ధము చేయకుండుటకొక మార్గమని వారెఱుగుదురు. తెలియనిది మనకే.

ఎఱుగుదుమా? 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా యయ్యెను. రెండేండ్లు గడచినంతనే, 2024 మే 13న పోలింగు జరిగిన పిమ్మట, ఇచ్చటి కొట్లాటలను దేశమంతయు పత్రికలలో చదివెను. 144వ సెక్షను విధింపవలసి వచ్చెను. ఎన్నికల సంఘమువారు జిల్లా పోలీసు అధికారిని సస్పెండు చేసిరి. ఎన్నికలన్న నేమి? ఒకడు గెలుచుట, ఒకడోడుట, ఓడినవాడు ఐదేండ్లు కాచుకొని మరల వచ్చుట. ఇది జరుగవలెనన్న ఓడుట తెలిసినవాడు కావలెను. బరిలో నెత్తురు చూచి చప్పట్లు కొట్టుటకు తండ్రి నేర్పిన బాలునకు ఆ విద్య ఎక్కడినుండి వచ్చును? వానికి ఓటమి యన్న చావనియే తెలిసినది గదా!

కావున నా ప్రార్థన లివి. పిల్లలు కుస్తీ ప్రదర్శనము చూచుచుండగా నగి ఆపివేయకుడు. ప్రక్కన కూర్చుండి, ఇది యెట్లు చేయుదురో, పడువాడెట్లు కాపాడబడుచున్నాడో చెప్పుడు. అభ్యాసము లేక అనుకరించిన మెడ విఱుగునని కూడ చెప్పుడు. ప్రతి ఉన్నత పాఠశాలలోను కుస్తీకి మెత్తని పఱుపులు, నేర్పరియైన గురువు కావలెనని అడుగుడు. పడుట నేర్పుటయే అందు మొదటి పాఠము. మాచెర్ల చేరువ అనుపున, నాగార్జునకొండ లోయనుండి తరలించి నిలిపిన ఇక్ష్వాకుల కాలపు రంగస్థల మొకటి యున్నది. నలుదిక్కుల మెట్లు, నడుమ ఆట. మన బాలుర నచ్చటికి గొనిపోయి, పదునాఱు వందల యేండ్లకు పూర్వమే ఈ సీమ ప్రజలు కూర్చుండి వినోదము చూచిన మెట్లివి యని చూపుడు.

కడపట ఒక మాట గృహిణులతో. భాగవత దశమస్కంధమున కంసుడు చాణూరముష్టికులను బాలురపైకి పురికొల్పినపుడు, మథురాపుర స్త్రీలు ఇది సమానమైన పోరు కాదనిరి. అధర్మము జరుగుచున్న సభలో కూర్చుండుటయు అధర్మమే యనిరి. పండితు లెవరును అనలేని మాటను ప్రేక్షక స్త్రీలు పలికిరి. రాబోవు సంక్రాంతికి మీ యింటి పురుషులు బరికి బయలుదేఱునప్పుడు మీరును ఆ మాట అనుడు. పిల్లవాని చేయి మాత్రము విడువకుడు. వానిని ఇంటనే ఉంచుకొనుడు.