అయిపోయిందని ఎవరికి చెప్పారు?

పోయిన నెల మంగినపూడి దారిలోని ఒక ఊళ్లో గృహకూడికకు వెళ్లాము. ప్రార్థన అయ్యాక ఒక సహోదరి తన ఫోను తెచ్చి చూపించింది. ఇంటి వెనక మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయిందని ఆమె అర్జీ పెట్టుకున్నదట. అర్జీ పరిష్కారమైందని సందేశం వచ్చింది. వెళ్లి చూస్తే కాలువ నిండా డెక్క పూలు పూసి ఉంది. "అయిపోయిందని వాళ్లు ఎవరికి చెప్పారండీ అయ్యగారూ?" అని అడిగింది.

పైఅధికారికి చెప్పారు. ఆయన లెక్కలో ఒక అర్జీ తగ్గింది. ఈమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ప్రభుత్వ కార్యాలయాల్లో నివేదికలకు కొదువ లేదు. ఏ గ్రామ సచివాలయ ఉద్యోగిని అడిగినా చెబుతారు, రోజులో ఎంత భాగం ఫొటోలు ఎక్కించడానికీ పట్టికలు నింపడానికీ పోతున్నదో. ఆ నివేదికలన్నీ పైకే వెళ్తాయి. బందరుకు ఈ సంగతి కొత్త కాదు. 1841లో ఇక్కడికి వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరల కాలంలో మిషనరీలు తమ పనిని గూర్చి లండనులోని సొసైటీకి క్రమంగా రాసి పంపేవారు. ఆనాటి చరిత్ర మనకు తెలిసేది ఆ ఉత్తరాల వల్లనే, కాబట్టి వాటిని తప్పుపట్టను. అయితే అవి బందరు జనానికి చదివి వినిపించేందుకు రాసినవి కావు.

నివేదికను కిందికి తెచ్చిన ప్రయత్నం ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 2006లో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ప్రతి పనికీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టం 17వ సెక్షను చెప్పింది. రాజస్థానులో కూలీల సంఘాలు 1994 నుండి జరిపిన బహిరంగ విచారణల అనుభవం దీనికి తోడ్పడింది. 2009లో ఈ పనికోసమే ఇక్కడ ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుండి వచ్చిన యువతీయువకులు శిక్షణ పొంది, మస్టర్లు చేతపట్టుకొని ఇంటింటికీ తిరిగారు. "మీ పేరున ఇన్ని రోజుల కూలి రాశారు, నిజంగా చేశారా, డబ్బు ముట్టిందా?" అని అడిగారు. చెరువు పనులకు టేపు పెట్టి కొలిచారు. తరువాత గ్రామసభలోనూ, మండల కేంద్రంలో అధికారుల ఎదుటా ఆ వివరాలు గట్టిగా చదివారు. చనిపోయినవారి పేర మస్టరు పడితే ఊరందరికీ తెలిసిపోయేది. మన సంఘాల్లో ఉపాధి పనికి వెళ్లినవారు తక్కువేమీ కాదు, ఆ సభల్లో కూర్చున్నవారు కూడా ఈ మాటలు చదువుతూ ఉండవచ్చు.

దీనితో అంతా బాగుపడిందా? లేదు. ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు మన రాష్ట్రపు తనిఖీ నివేదికలనే పరిశీలించారు. సులువుగా పట్టుబడే కూలి మోసాలు తగ్గి, పట్టుకోవడం కష్టమైన సామగ్రి మోసాలు పెరిగాయని వారు చూశారు. దొంగ దారి మార్చుకున్నాడన్నమాట. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంచెమే. చదివి వినిపించడం సగం పని. మిగతా సగం, తరువాతి సభ మొదట్లోనే "పోయినసారి తేలినదాని మీద ఏం చేశారు?" అని అడగడం. ఆ ప్రశ్న లేకపోతే ఎన్ని నివేదికలు చదివినా జనం విని ఇంటికి పోవడమే.

మన డెల్టాకు ఇది చిన్న విషయం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనను దివిసీమ మరువలేదు. తుఫాను వాన నీటిని సముద్రానికి చేర్చవలసినవి ఈ మురుగు కాలువలే. పూడిక తీసినట్టు కాగితం మీద ఉండి కాలువలో లేకపోతే, మునిగేది శివారు చేలూ లోతట్టు పేటలూ. సాగునీటి సంఘాలు సామాజిక తనిఖీ జరపాలని 1997 చట్టమే చెబుతోంది. మీ ఊళ్లో అది జరగగా చూశారా?

గ్రామసభ ఏటా కనీసం రెండుసార్లు జరగాలనీ, జమాఖర్చులు దాని ముందు పెట్టాలనీ పంచాయతీరాజ్ చట్టం ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజున సభలు జరిగాయి. ముఖ్యంగా ఉపాధి హామీ కింద చేయబోయే పనులను ఆమోదించారు. చేయబోయేదానికి సభ కుదిరినప్పుడు చేసినదానికీ కుదురుతుంది.

ఇంతా చెప్పి మన ఇంటి సంగతి విడిచిపెట్టలేను. యోవాషు రాజు దినాల్లో మందిరపు మరమ్మతు కోసం ద్రవ్యం వసూలవుతూనే ఉంది, ఇరువది మూడవ యేటికి కూడా పని మాత్రం కాలేదు. తీసుకున్నవారు యాజకులే. ఆ తరువాతనే మూతకు బెజ్జం పెట్టిన పెట్టె వచ్చింది, రాజు మనిషీ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టడం వచ్చింది. నేనూ ఒక సంవత్సరం సంఘపు లెక్కలను ఆరాధన ముగిసి జనం చెప్పులు వెదుక్కుంటూ ఉండగా చదివించాను. ఎవరూ ప్రశ్న వేయలేదు. అప్పుడు అది నాకు హాయిగానే ఉండింది.

ఆ సహోదరి వచ్చే గ్రామసభకు వెళ్తానంది, అర్జీ కాగితమూ ఫోనూ రెండూ పట్టుకొని. కూడికలో ఉన్న మరో నలుగురు తోడు వస్తామన్నారు. కాలువ ఫొటో తీసి తేదీ వేసి పెట్టమని వారికి చెప్పాను.