పూతను చూసి కాతను లెక్కించవచ్చునా?

నారాయణఖేడ్ ప్రాంతంలో కంది విరగబూసినపుడు చేనిగట్టు మీదనే దిగుబడి అంచనాలు మొదలవుతాయి. క్షేత్ర సందర్శనకు వెళ్ళిన విస్తరణ శాస్త్రవేత్తలు సైతం పూత నిండుదనాన్నే ముందుగా నమోదు చేస్తారు. అయితే పూతకూ కాతకూ గల సంబంధం అంత సూటియైనది కాదు. ఈ సంగతిని ఆర్కిడ్లంత స్పష్టంగా చూపే మొక్కలు అరుదు.

ఆర్కిడ్ జాతులలో దాదాపు మూడోవంతు కీటకాలకు మకరందం గాని, మరే ప్రతిఫలం గాని ఇవ్వవు. పెద్ద పూగుత్తి దూరం నుంచే కనబడి తేనెటీగలను రప్పిస్తుంది. కాని వచ్చిన తేనెటీగ కొన్ని పూలు వెదకి, ఏమీ దొరకక వెళ్ళిపోతుంది. అందుచేత పూలు రెట్టింపైనంత మాత్రాన కాయలు రెట్టింపు కావు. మకరందమిచ్చే జాతులలో చిక్కు వేరు. కీటకం అదే గుత్తిలో తిరుగుతూ ఆ మొక్క పుప్పొడిని ఆ మొక్కకే అంటిస్తుంది. ఆర్కిడ్ పుప్పొడి ముద్దగా ఉంటుంది కనుక, అది ఒకసారి తప్పుచోట చేరితే ఆ పువ్వుకు మరో అవకాశం దాదాపు లేనట్టే. ఉష్ణమండలంలో మకరందం లేని జాతులలో సగటున పది పూలకు ఒకటి మాత్రమే కాయ కడుతుంది. మరి అన్ని పూలెందుకు? పుప్పొడి ఇతర మొక్కలకు చేరే అవకాశం పెరగడానికి. పువ్వు తల్లి మాత్రమే కాక తండ్రి కూడానన్న విషయం మన లెక్కలలో తరచుగా మరుగున పడుతుంది.

కంది కథ దీనికి భిన్నం. మొగ్గ విచ్చకముందే పుప్పొడి రాలుతుంది కనుక కాయ కట్టడానికి కీటకం తప్పనిసరి కాదు. అయినా పది పూలలో ఎనిమిదో తొమ్మిదో రాలిపోతాయి. 1970వ దశకంలో ఇదే జిల్లాలోని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో రూపర్ట్ షెల్డ్రేక్ తదితరులు పూత మొదలయ్యాక కొన్ని వారాల పాటు పూలను తొలగించి చూశారు. మొక్కలు తరువాతి పూతతో ఆ లోటును చాలావరకు పూడ్చుకున్నాయి. కనుక పూత రాలుతోందని కంగారుపడి మందులు చల్లించడం సమంజసం కాదు.

హైబ్రిడ్ కంది విత్తనోత్పత్తిలో ఈ లెక్క తలకిందులవుతుంది. మగవంధ్య వరుసలలో ప్రతి కాయా కీటకం తెచ్చిన పుప్పొడి వల్లనే ఏర్పడాలి. కాయ కట్టని మొక్క పూస్తూనే ఉంటుంది. అందువల్ల ఆ వరుసలలో ఎడతెగని పూత తేనెటీగలు రాలేదనడానికి సూచన కావచ్చు. చూపరికి మాత్రం అది పంట కళగా తోస్తుంది! శనగపచ్చ పురుగు కోసం తేనెటీగలు తిరిగే వేళ మందు చల్లితే ఆ సీజను విత్తనమే పోతుంది. తప్పనిసరైనపుడు సాయంత్రం చల్లించాలి.

సందర్శన నివేదికలో "పూత బాగుంది" అన్న మాటకు బదులు, కొన్ని గుత్తులకు దారం కట్టి, మూడు వారాల తరువాత వాటిలో నిలిచిన కాయలను లెక్కించి నమోదు చేయడం మేలు. ఇందుకు విద్యార్థులకు పట్టే సమయం ఒక్కో చేనిలో గంటకు మించదు.